ప్యాకెట్‌కు దారి ఎవరు చూపిస్తారు?

ఇంటర్నెట్ అవసరం లేని పనులు మన ఇళ్లలో ఇప్పుడు చాలా తక్కువ. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఇంటికి డబ్బు పంపినా, అమ్మాయి స్కాలర్‌షిప్ దరఖాస్తును చివరి రోజున నింపినా, ఒక దాత తన విరాళాన్ని యూపీఐలో పంపినా అన్నీ ఆ దారిలోనే నడుస్తున్నాయి. మీ సహాయంతో నడుస్తున్న మా కంప్యూటర్ తరగతుల్లో పిల్లలు తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు: "సార్, మెసేజ్‌కి దారి ఎలా తెలుస్తుంది?" చిన్న ప్రశ్నే. కానీ జవాబు తెలిస్తే నెట్ ఎందుకు ఆగుతుందో, ఆగాక మళ్లీ ఎలా లేస్తుందో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో కూడా తెలుస్తుంది. అందుకే పిల్లలకు చెప్పే పాఠాన్ని ఈసారి పెద్దల ముందూ ఉంచుతున్నాం.

అసలు సంగతి ముందే చెప్పేస్తాం. మెసేజ్‌కు దారి తెలియదు. దారి మొత్తం తెలిసిన యంత్రం ప్రపంచంలో ఎక్కడా లేదు. ప్రతి మజిలీలోనూ "ఇటు వెళ్లు" అని చెప్పే యంత్రం మాత్రం ఉంటుంది. ఆ యంత్రం తన పొరుగువాడి మాట నమ్మి చెబుతుంది. ఇంటర్నెట్ బలం అక్కడే ఉంది, బలహీనతా అక్కడే ఉంది.

ముక్కలుగా ప్రయాణం

కువైట్ నుంచి ఒకరు రాయచోటిలో ఉన్న తల్లికి ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పంపారనుకుందాం. అది సుమారు 150 కిలోబైట్లు ఉందనుకుంటే, ఒకే మూటగా బయలుదేరదు. సాధారణంగా ఒక ముక్క 1,500 బైట్లకు మించకూడదు. కాబట్టి అది వందకు పైగా ముక్కలవుతుంది. ఈ ముక్కనే ప్యాకెట్ అంటారు. ప్రతి ప్యాకెట్ మీదా ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎన్నో ముక్క అన్న వివరాలు రాసి ఉంటాయి. ముక్కలన్నీ ఒకే దారిలో వెళ్లాలన్న నియమం లేదు. వరుస తప్పి చేరినా, అందుకున్న యంత్రం అంకెలు చూసి సర్దుకుంటుంది. ఏదైనా ముక్క తప్పిపోతే మళ్లీ పంపమని అడుగుతుంది. అందుకే వాయిస్ మెసేజ్ ఆలస్యంగా వచ్చినా మాటలు పోవు. నేరుగా మాట్లాడే కాల్‌లో అంత వ్యవధి ఉండదు, పోయిన ముక్క పోయినట్టే. ఫోన్లో మాట మధ్యలో తెగి వినిపించడానికి ఒక కారణం ఇదే.

మెసేజ్‌ను ఇలా ముక్కలు చేయాలన్న ఆలోచన 1960లలో పుట్టింది. అమెరికాలో పాల్ బారన్, బ్రిటన్‌లో డోనాల్డ్ డేవిస్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే ఈ ఆలోచనకు వచ్చారు. ప్యాకెట్ అన్న పేరు పెట్టింది డేవిస్. బారన్ ఆలోచించినది యుద్ధకాలం గురించి. ఒక ప్రధాన కేంద్రం మీదే ఆధారపడిన టెలిఫోన్ వ్యవస్థ, ఆ కేంద్రం దెబ్బతింటే మొత్తం మూగబోతుంది. కేంద్రమే లేకుండా, ఎన్నో దారులున్న వలలా కడితే కొన్ని ముడులు తెగినా మిగిలిన వల పనిచేస్తుంది. ఆ ఊహ మీద కట్టిన ఆర్పానెట్‌లో మొదటి సందేశం 1969 అక్టోబరు 29న కాలిఫోర్నియాలోని రెండు సంస్థల మధ్య వెళ్లింది. 'లాగిన్' అన్న మాట పంపబోతే, రెండు అక్షరాలు చేరగానే అవతలి కంప్యూటర్ ఆగిపోయింది. ఆ రెండు అక్షరాలతో మొదలైనదే ఈనాటి ఇంటర్నెట్.

చిరునామా చదివే పద్ధతి

ప్యాకెట్ మీద రాసే చిరునామాను ఐపీ అడ్రస్ అంటారు. అది ఒక అంకెల వరుస. దాన్ని ఎలా చదువుతారో మన పిన్ కోడ్‌తో పోల్చి చూస్తే సులభంగా అర్థమవుతుంది. 1972 ఆగస్టు 15న మొదలైన పిన్ కోడ్‌లో ఆరు అంకెలున్నాయి. 516001 అని రాసిన ఉత్తరం శ్రీనగర్‌లో పడిందనుకోండి. అక్కడ వేరుచేసే ఉద్యోగికి కడప వీధులు తెలియనక్కర్లేదు. మొదటి అంకె 5 చూస్తే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల వైపు అని తెలుస్తుంది. దగ్గరికి వచ్చేకొద్దీ 51 చూసి రాయలసీమ అంటారు. 516 చూసి కడప అంటారు. చివరి అంకెలు చూసి ఫలానా పోస్టాఫీసు అంటారు.

ఇంటర్నెట్‌లో ఈ వేరుచేసే పని చేసే యంత్రమే రూటర్. దాని దగ్గర ఒక పట్టిక ఉంటుంది. ఫలానా అంకెలతో మొదలయ్యే చిరునామా అయితే ఫలానా తీగ వైపు పంపు, అంతే అందులో ఉండేది. పట్టికలో ఒకే చిరునామాకు సరిపోయే వరుసలు రెండు ఉంటే, ఎక్కువ అంకెలు కలిసిన వరుసనే రూటర్ ఎంచుకుంటుంది. "51 ఇటు" అని ఒక వరుస, "516 అటు" అని మరో వరుస ఉంటే, 516001 ఉత్తరం అటే వెళ్తుంది. ఈ చిన్న నియమాన్ని గుర్తుంచుకోండి. ఒక పెద్ద ప్రమాదం గురించి చెప్పేటప్పుడు మళ్లీ పనికొస్తుంది.

ప్యాకెట్ మీద మరో అంకె కూడా ఉంటుంది. దాన్ని టీటీఎల్ అంటారు. ప్యాకెట్ ఆయుష్షు అనుకోవచ్చు. తరచుగా 64 దగ్గరో 128 దగ్గరో మొదలై, రూటర్ దాటిన ప్రతిసారీ ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే ఆ రూటర్ ప్యాకెట్‌ను పారేసి, పంపిన వారికి కబురు చేస్తుంది. పట్టికల్లో పొరపాటు జరిగి ఒక ప్యాకెట్ రెండు రూటర్ల మధ్య గానుగెద్దులా తిరగసాగితే, ఈ అంకె దాన్ని ఆపుతుంది. లేకుంటే అలాంటి దారితప్పిన ప్యాకెట్లతోనే తీగలన్నీ నిండిపోయేవి.

పట్టిక ఎవరు రాస్తారు?

ఇంత పెద్ద పట్టికలను మనుషులు కూర్చుని రాయరు. రూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని రాసుకుంటాయి. అది రెండు స్థాయిల్లో జరుగుతుంది.

మొదటిది ఒకే సంస్థ లోపల. ఒక టెలికాం కంపెనీకి దేశమంతా రూటర్లుంటాయి. ఏ రెండు ఊళ్ల మధ్య తీగ ఉందో, అది ఎంత పెద్దదో అవి పరస్పరం చెప్పుకుని, ప్రతి రూటరూ కంపెనీ మొత్తానికి ఒక పటం గీసుకుంటుంది. ఆ పటంలో దగ్గరి దారిని లెక్కగట్టే పద్ధతిని డచ్ శాస్త్రవేత్త ఎడ్జర్ డైక్‌స్ట్రా 1956లో కనిపెట్టారు. రాటర్‌డామ్ నుంచి గ్రోనింగెన్‌కు దగ్గరి దారి ఏది అన్న ప్రశ్న మీద ఆయన ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కాఫీ హోటల్లో కూర్చుని, కాగితం కలం లేకుండా సుమారు ఇరవై నిమిషాల్లో ఆలోచించిన పద్ధతి అది. నేటికీ రూటర్లు దాన్నే వాడుతున్నాయి.

రెండోది సంస్థకూ సంస్థకూ మధ్య. ప్రపంచంలో ఇలాంటి స్వతంత్ర నెట్‌వర్కులు డెబ్బై వేలకు పైగా ఉన్నాయి. టెలికాం కంపెనీలు, విశ్వవిద్యాలయాలు, బ్యాంకులు, గూగుల్ వంటి సంస్థలు వీటిలో భాగం. ఏ సంస్థా తన లోపలి పటాన్ని పక్కవారికి చూపించదు. అందువల్ల ఇక్కడ పటం ఉండదు, ప్రకటనలు మాత్రమే ఉంటాయి. "ఈ చిరునామాలు నావి" అని ఒక నెట్‌వర్క్ పొరుగువారికి చెబుతుంది. ఆ పొరుగు నెట్‌వర్క్ "ఈ చిరునామాలకు నా మీదుగా వెళ్లవచ్చు" అని తన నంబరు ముందు చేర్చి తన పొరుగువారికి చెబుతుంది. ఇలా నోటి మాటగా కబురు ప్రపంచమంతా పాకుతుంది. వచ్చిన కబురులో తన నంబరు అప్పటికే ఉంటే, అది తిరిగి తిరిగి తన దగ్గరికే వచ్చిన దారి అని గ్రహించి రూటర్ దాన్ని పక్కన పెడుతుంది.

ఈ మాటలు చెప్పుకునే పద్ధతి పేరు బీజీపీ. 1989లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో ఒక సమావేశం జరుగుతుండగా, ఐబీఎంకు చెందిన యాకోవ్ రెఖ్టర్, సిస్కోకు చెందిన కర్క్ లాహీడ్ భోజనాల బల్ల దగ్గర చేతులు తుడుచుకునే కాగితాల మీద దీని రూపురేఖలు గీశారు. అప్పటి అవసరానికి తాత్కాలికంగా సరిపోతుందనుకున్న పద్ధతి, మార్పులు చేర్పులతో ఈనాటికీ ప్రపంచాన్ని కలిపి ఉంచుతోంది.

ఇక్కడ చాలామంది ఊహించని విషయం ఒకటుంది. నెట్‌వర్కుల మధ్య దగ్గరి దారే ఎంపిక కావాలని లేదు. ఒప్పందం ఎవరితో ఉంది, ఎవరికి డబ్బు కట్టాలి, ఎవరి దగ్గర నుంచి డబ్బు వస్తుంది అన్నది ముందు చూస్తారు. దారి పొడవు ఆ తర్వాతే. ఒకప్పుడు మన దేశంలోని రెండు కంపెనీలకు పరస్పరం ఒప్పందం లేకపోతే, ఒకే ఊళ్లో ఇద్దరి మధ్య మెయిల్ కూడా విదేశం చుట్టి వచ్చే పరిస్థితి ఉండేది. దేశంలోని ప్యాకెట్లు దేశంలోనే చేతులు మారాలన్న ఉద్దేశంతో 2003లో నిక్సీ అనే జాతీయ ఎక్స్ఛేంజ్ ఏర్పడింది. హైదరాబాద్‌లోనూ దాని కేంద్రం ఉంది.

దారి తెగినప్పుడు

వైఫై, మొబైల్ టవర్లు కళ్లెదుట కనబడుతుంటాయి కాబట్టి ఇంటర్నెట్ గాలిలో నడుస్తుందని అనుకుంటాం. దేశాల మధ్య ప్యాకెట్లలో అత్యధిక భాగం వెళ్లేది సముద్రం అడుగున పరిచిన కేబుళ్లలో. వాటిలో వెంట్రుకంత సన్నని గాజు తీగల గుండా వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్ల వేగంతో పోతుంది. మన దేశానికి వచ్చే ఇలాంటి కేబుళ్లు ఎక్కువగా ముంబై, చెన్నై తీరాల్లో ఒడ్డెక్కుతాయి. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నానికి ప్రకటించిన ప్రాజెక్టులో సముద్ర కేబుళ్ల కేంద్రం కూడా ఉంది. అది పూర్తయితే తూర్పు తీరానికి మరో వాకిలి తెరుచుకుంటుంది.

వాకిళ్లు ఎక్కువ ఉండటం ఎందుకు అవసరమో 2008 చూపించింది. ఆ ఏడాది జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపంలో సీ-మీ-వీ 4, ఫ్లాగ్ అనే రెండు కేబుళ్లు దెబ్బతిన్నాయి. ఒకటి రెండు రోజుల్లోనే దుబాయ్, ఒమన్ మధ్య ఫాల్కన్ అనే మరో కేబుల్ తెగింది. దాన్ని తెంపింది వదిలేసిన ఒక ఓడ లంగరు అని తర్వాత తేలింది. ఈజిప్టు నుంచి మన దేశం దాకా నెట్ మందగించింది. కానీ పూర్తిగా ఆగలేదు. తెగిన దారి ప్రకటనలు రద్దయ్యాయి. రూటర్లు మిగిలిన దారులు వెతుక్కున్నాయి. పడమటికి వెళ్లవలసిన ప్యాకెట్లను మన కంపెనీలు తూర్పుకు తిప్పి, పసిఫిక్ సముద్రం మీదుగా పంపాయి. దారి ఇరవై వేల కిలోమీటర్లు పెరిగినా, వెలుగు వేగం లెక్కన అదనంగా పట్టేది సెకనులో పదో వంతే. అసలు ఇబ్బంది దూరం కాదు, ఉన్న కొద్ది దారుల మీద అందరూ ఎక్కడం.

ఇలాంటిదే 2024 ఫిబ్రవరిలోనూ, 2025 సెప్టెంబరులోనూ ఎర్రసముద్రంలో జరిగింది. రెండోసారి జెద్దా సమీపంలో కేబుళ్లు తెగి, మన దేశంలోనూ గల్ఫ్‌లోనూ నెట్ నెమ్మదించింది. కువైట్‌కూ రాయచోటికీ మధ్య ఎర్రసముద్రం లేదు కదా అని ఎవరైనా అడగవచ్చు. మెసేజ్ కొడుకు ఫోన్ నుంచి తల్లి ఫోన్‌కు నేరుగా రాదు. మధ్యలో ఆ యాప్ సంస్థ సర్వర్‌ను తాకి వస్తుంది. ఆ సర్వర్ యూరప్‌లో ఉంటే, పక్కింటి వారికి పంపిన ఫోటో కూడా ఆ సముద్రం దాటి రావలసిందే.

మాట తప్పినప్పుడు

తీగ తెగితే రూటర్లకు తెలుస్తుంది. పొరుగువాడు తప్పు చెబితే మాత్రం వెంటనే తెలియదు. 2008 ఫిబ్రవరి 24న అదే జరిగింది. తమ దేశంలో యూట్యూబ్ కనబడకుండా చేయాలన్న ప్రభుత్వ ఆదేశాన్ని అమలు చేస్తూ పాకిస్తాన్ టెలికాం ఒక దారిని సృష్టించింది. ఆ దారిలో వచ్చే ప్యాకెట్లు ఎక్కడికీ చేరవు. అది దేశం లోపలే ఉండవలసిన ప్రకటన. పొరపాటున హాంకాంగ్ కంపెనీ పీసీసీడబ్ల్యూకు చేరింది. ఆ కంపెనీ సరిచూడకుండా ప్రపంచానికి అందించింది.

ఇక్కడే ముందు చెప్పిన పిన్ కోడ్ నియమం పనిచేసింది. యూట్యూబ్ 1,024 చిరునామాల గుంపును తనదిగా ప్రకటించుకుని ఉంది. పాకిస్తాన్ నుంచి వచ్చిన ప్రకటన అందులోని 256 చిరునామాలది. అంటే ఎక్కువ అంకెలు కలిసేది. "516 నాది" అన్న అసలు యజమానిని కాదని, "516001 నాది" అన్న మాటనే ప్రపంచంలోని రూటర్లు నమ్మాయి. ప్యాకెట్లు ఆ ఎక్కడికీ చేరని దారిలో పడ్డాయి. సుమారు రెండు గంటలపాటు చాలా దేశాల్లో యూట్యూబ్ తెరుచుకోలేదు. యూట్యూబ్ కూడా ఆ 256 చిరునామాలనే ప్రకటించింది. అది చాలక వాటిని 128 చొప్పున రెండు భాగాలు చేసి మళ్లీ ప్రకటించింది. చివరికి హాంకాంగ్ కంపెనీ తప్పుడు ప్రకటనను ఉపసంహరించడంతో సమస్య ముగిసింది. ఎవరి తీగా తెగలేదు, ఎవరి యంత్రమూ చెడలేదు. ఒక తప్పుడు మాట, దాన్ని సరిచూడని ఒక పొరుగువాడు. అంతే.

దీనికి తిరగేసిన ఉదాహరణ 2021 అక్టోబరు 4న కనిపించింది. ఫేస్‌బుక్ సంస్థ లోపల నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక ఆదేశం వారి అంతర్గత నెట్‌వర్క్‌ను తెంచింది. దాంతో పేర్లను చిరునామాలుగా మార్చి చెప్పే వారి సర్వర్లు "మా దగ్గరికి దారి ఇది" అన్న ప్రకటనలను వెనక్కి తీసుకున్నాయి. సర్వర్లు బాగానే ఉన్నా, వాటికి దారి చెప్పేవారే లేకపోయారు. ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ సుమారు ఆరు గంటలు ఆగిపోయాయి. వాట్సాప్ ఒక్కదాని మీదే ఆధారపడిన గల్ఫ్ కుటుంబాలకు ఆ రాత్రి అటువైపు వారి క్షేమం తెలిసే దారి లేకుండా పోయింది. మామూలు ఫోన్ కాల్, ఎస్సెమ్మెస్, ఇతర యాప్‌లు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి.

మాటకు ముద్ర

అప్పగించిన మాటను ఉన్నదున్నట్టు చేర్చడం ఒక అమానత్ అని మన పాఠకులకు వేరుగా చెప్పనక్కర్లేదు. బీజీపీ తొలినాళ్లలో నెట్‌వర్కులు కొద్దిగానే ఉండేవి, నడిపేవారు ఒకరినొకరు ఎరుగుదురు. మాట సరిపోయింది. డెబ్బై వేల నెట్‌వర్కుల లోకంలో మాటకు సాక్ష్యం కూడా కావాలి. ఆ సాక్ష్యం పేరు ఆర్పీకేఐ. ఫలానా చిరునామాలను ప్రకటించే హక్కు ఫలానా నెట్‌వర్క్‌దే అని చిరునామాల యజమాని డిజిటల్ సంతకంతో పత్రం రాసి పెడతాడు. ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి ఆస్ట్రేలియాలోని ఆప్‌నిక్, మన దేశంలో నిక్సీ కింద ఉన్న ఐరిన్ ఈ చిరునామాల రిజిస్టర్లు నడుపుతాయి. ఎవరైనా ఒక ప్రకటన చేస్తే, పొరుగు రూటర్ ఆ పత్రంతో పోల్చి చూస్తుంది. సరిపోకపోతే తిరస్కరించవచ్చు. 2024 నాటికి ప్రపంచంలోని దారి ప్రకటనల్లో సగానికి పైగా ఇలాంటి పత్రాలు వచ్చాయి. అయితే ఈ పద్ధతి చిరునామా యజమాని ఎవరో మాత్రమే సరిచూస్తుంది. మధ్యలో చెప్పిన దారి నిజమా కాదా అన్నది ఇంకా పూర్తిగా సరిచూడలేదు. ఆ పని జరుగుతోంది. మన పిల్లల్లో ఎవరైనా రేపు ఆ పనిలో చేరాలన్నది మా ఆశ.

మనం చేయగలిగినవి

ఈ పాఠం నుంచి ఇంటికీ సంస్థకూ పనికొచ్చే మాటలు మూడున్నాయి.

మొదటిది, దారి ఒక్కటే ఉన్నచోట భరోసా ఉండదు. దూరదేశంలో ఉన్నవారితో మాట్లాడటానికి ఒకే యాప్ మీద ఆధారపడకుండా, రెండో మార్గాన్ని ముందే మాట్లాడుకుని పెట్టుకోవాలి. మామూలు ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఇంట్లో ఉంచడం ఈనాటికీ మంచి పద్ధతే.

రెండోది, రెండు కనెక్షన్లు ఉన్నంత మాత్రాన రెండు దారులు ఉన్నట్టు కాదు. పాఠశాలలకు, ఆసుపత్రులకు, చదువు కేంద్రాలకు నెట్ సౌకర్యం దానం చేయదలచిన దాతలకు మా మనవి ఇది. రెండో కనెక్షన్ ఇప్పించే ముందు, అది మొదటిదాని స్తంభం మీదుగానే వస్తుందా, వేరే వీధి నుంచి వస్తుందా అని అడగండి. ఇద్దరు ప్రొవైడర్లూ ఒకరి దగ్గరే లైన్ తీసుకుంటున్నారా అని అడగండి. ఒకే గోతిలో పడుకున్న రెండు తీగలను ఒకే పార తెంపుతుంది. ఒకటి ఫైబర్, మరొకటి మొబైల్ నెట్ అయినా మేలే.

మూడోది, చివరి రోజు దాకా ఆగకపోవడం. దరఖాస్తు సర్వర్ చేరడానికి మధ్యలో ఎన్ని నెట్‌వర్కులు ఉన్నాయో, వాటిలో ఏది ఏ గంటలో తడబడుతుందో విద్యార్థి చేతిలో లేదు. తేదీ మాత్రం అతని చేతిలో ఉంది. ఒక దారి మూసుకుపోయినా మరో దారి వెతుక్కోవడానికి ప్యాకెట్‌కు సెకన్లు చాలు. మనిషికి రెండు మూడు రోజులైనా కావాలి. వచ్చే ఏడాది స్కాలర్‌షిప్ దరఖాస్తుల సమయంలో మీ ఇంటి పిల్లలకు, మీ వీధి పిల్లలకు ఈ మాట ముందుగా చెప్పమని కోరుతున్నాం.